నాచు గోడ పక్కన ఒక గంట

నందిగామ, జగ్గయ్యపేట వైపు పెళ్ళిళ్ళకు వెళ్ళేవాళ్ళున్నారు, మిరపకాయలు కొనడానికి వెళ్ళేవాళ్ళున్నారు, పెనుగంచిప్రోలు అమ్మవారి మొక్కు తీర్చుకోవడానికి వెళ్ళేవాళ్ళకైతే లెక్కే లేదు. కాలువ గోడకు పట్టిన నాచు కోసం భీమవరం నుంచి పనిగట్టుకుని వెళ్ళినవాళ్ళం మాత్రం మా అల్లుడూ నేనే అయ్యుంటాం. తిరిగొచ్చాక మా వీధిలో ఆడవాళ్ళందరూ ఏం చూసొచ్చావని అడిగారు. నాచు అంటే ఎవరూ నమ్మలేదు. పుట్టింటి ఆస్తి గొడవేదో దాస్తున్నానని తీర్మానించారు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మా అల్లుడి పేరు కిరీటి. ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతూ డాక్టరేటు చేస్తున్నాడు. దేని మీదంటే, గోడ పక్కన పారే నీళ్ళ మీద. పెళ్ళిచూపుల్లో ఈ మాట విని మా ఆయన ప్లంబింగ్ అనుకుని ఒకటే సంతోషించారు. ఏళ్ళ తరబడి రాసి పంపిస్తే, పరీక్షకుడుగా ఉన్న ఒక పెద్ద ప్రొఫెసరు దాన్ని తిప్పి పంపించాడు. "నీ గోడలన్నీ కంప్యూటర్లో కట్టినవి, నున్నగా ఉన్నాయి. నాచు పట్టిన నిజమైన గోడ పక్కన, గంటసేపు ఎక్కడా తెగకుండా కొలిచి చూపించు, అప్పుడు మాట్లాడదాం" అని ఆయన షరతు. యూనివర్సిటీ ఇచ్చిన గడువు ఇదే ఆఖరుది. ఇది దాటితే ఇన్నేళ్ళ చదువూ గోవిందా.

మా భీమవరం చుట్టూ ఎటు చూసినా కాలువలే, కానీ వాటికి మట్టి గట్లే తప్ప గోడలుండవు. గోడలున్న కాలువలు మా పుట్టింటి వైపున్నాయి. అక్కడ నీళ్ళు తక్కువ కాబట్టి ఇంకిపోకుండా సాగర్ కాలువలకు రాయీ సిమెంటూ వేసి కట్టారు. ఆ నీళ్ళు కూడా వంతులవారీగా వస్తాయి. కొన్నాళ్ళు పారతాయి, కొన్నాళ్ళు కట్టేస్తారు. ఈ ఏటికి ఆఖరి వంతు ఆ వారంతో అయిపోతుందని మా తమ్ముడు ఫోన్లో చెప్పాడు. పరికరం పట్టడానికి ఇద్దరు మనుషులు కావాలి. మా అమ్మాయికి బ్యాంకులో సెలవు దొరకలేదు.

"నువ్వెళ్ళమ్మా, అది నీ ఊరేగా" అంది మా అమ్మాయి.

"అత్తా అల్లుడూ కలిసి ఊళ్ళు తిరగడమేంటే, నలుగురూ నవ్విపోరూ" అన్నాను. నవ్వినా పర్లేదంది. వెళ్ళాను.

పరిటాల

కిరీటి నోట్లో రెండే మాటలుంటాయి. ఏది పెట్టినా "బాగుందండి". ఏది అడిగినా "పర్లేదండి". పెళ్ళయి నాలుగేళ్ళయింది, మూడో మాట నేను వినలేదు. విజయవాడలో మారి ఎక్కిన బస్సులో నా పక్క సీటు ఖాళీగా ఉంటే, అత్తగారి పక్కన ఎలా కూర్చుంటామని కడ్డీ పట్టుకుని నుంచున్నాడు. నేను "కూర్చోండి బాబూ" అంటే "పర్లేదండి" అన్నాడు.

మా ముందు సీట్లో రెడ్డిగూడెం ముసలమ్మ ఒకావిడ పచ్చి మామిడికాయల సంచితో కూర్చుని ఉంది. కాసేపు చూసి చూసి, ఆవిడకి ఒళ్ళు మండింది.

"సీటు పెట్టుకుని నుంచుంటావేందయ్యా. కాళ్ళు నొప్పులు పుట్టట్లా?"

"పర్లేదండి."

"ఏం పర్లేదు. నువ్వు కూర్చోకపోతే నా సంచి పెడతా అక్కడ" అని సగం లేచింది కూడా. అప్పుడు కూర్చున్నాడు, సీటు అంచున, సగం శరీరం గాల్లో పెట్టి.

పరిటాలలో దిగి టీ తాగాం. హైవే మీద వెళ్ళేవాళ్ళందరూ అక్కడి ఎత్తయిన ఆంజనేయస్వామి విగ్రహాన్ని ఫోటో తీసుకోవడానికి తలలు వెనక్కి వాల్చి నిలబడతారు, వాళ్ళ కోసమే అన్నట్టు టీకొట్లున్నాయి. టీ పదిహేను రూపాయలు. మా వైపు కంటే చిక్కగా ఉంది, అల్లం దంచి వేశారు. పునుగులు మాత్రం నిన్నటివి. కిరీటి అవి తిని బాగున్నాయన్నాడు.

ఊరికే కూర్చోవడం నాకు చేతకాదు. "ఇంతకీ బాబూ, గోడ పక్కన నీళ్ళలో ఏముంటుంది?" అని అడిగాను.

ఆశ్చర్యంగా, మనిషి నోరు విప్పాడు. "గోడని అంటుకున్న నీళ్ళు అసలు కదలవండి. కాస్త ఎడంగా ఉన్నవి మెల్లగా వెళ్తాయి, ఇంకా ఎడంగా ఉన్నవి పరిగెడతాయి. ఎక్కువసేపు గోడ దగ్గర ఏమీ జరగనట్టే ఉంటుందండి. ఎప్పుడో ఉన్నట్టుండి ఆ మెల్లగా ఉన్న నీళ్ళు విసురుగా పైకి లేస్తాయి, పైనున్న వేగం నీళ్ళు గోడ మీదికి దూకుతాయి. క్షణం పనేనండి. కానీ గోడకీ నీళ్ళకీ మధ్య జరిగే రాపిడిలో చాలా భాగం ఆ క్షణాల్లోనే జరుగుతుంది."

"ఎప్పుడు లేస్తాయో ముందు తెలియదా?"

"తెలియదండి. ఒక్కొక్కటీ ఎవరూ చెప్పలేరు. చాలాసేపు కొలిస్తే, మొత్తం మీద ఎంత తరచుగా వస్తాయో, ఎంత బలంగా వస్తాయో చెప్పొచ్చు. మధ్యలో తెగితే లెక్క పనికిరాదు, అందుకే గంట."

అర్థమైంది. అర్థమైందని నాకే ఆశ్చర్యం వేసింది. ఇంకో టీ చెప్పాను.

నందిగామ

మా తమ్ముడు సాంబయ్యది నందిగామకు దగ్గర్లో ఒక పల్లె. పత్తి అయిపోయి, కళ్ళాల నిండా మిరపకాయలు ఎండుతున్నాయి. ఊళ్ళోకి అడుగు పెట్టేసరికి ముక్కు మంట మొదలయింది. మా వైపువాళ్ళు కూరలో బెల్లం ముక్క వేస్తారని ఇక్కడివాళ్ళకు చెబితే, అది కూరా పాయసమా అని అడుగుతారు. ఇక్కడ మొదటి ముద్ద పండుమిరప పచ్చడితో తినాలి. మా మరదలు విజయ కిరీటి విస్తట్లో గరిటెడు వేసింది. నెయ్యి వేసేలోపే అతను కలిపి తినేశాడు. కళ్ళల్లో నీళ్ళు ధారగా కారుతున్నాయి.

"ఎట్టా ఉందయ్యా అల్లుడుగారూ?" అన్నాడు మా తమ్ముడు.

"బాగుందండి."

"నచ్చిందంటే ఇంకాస్త వెయ్యవే" అన్నాడు తమ్ముడు పెళ్ళాంతో. వేసింది. నేను అడ్డం పడొచ్చు. పడలేదు. ఎంతవరకు ఓర్చుకుంటాడో చూద్దామని నాకూ సరదాగానే ఉంది.

మర్నాడు పొద్దున్నే కాలువకు బయలుదేరాం. వాళ్ళ పొలం పక్కనుంచి పోయే కాలువ అది. గోడకి బెత్తెడు నాచు పట్టి ఉన్న ఫోటో తమ్ముడు ముందే పంపితే, కిరీటి దాన్ని ఫోన్లో పెట్టుకుని మా అమ్మాయి ఫోటో కంటే ఎక్కువసార్లు చూసుకున్నాడట. గట్టెక్కి చూద్దుము కదా, గోడ తెల్లగా మెరిసిపోతోంది. పైన అంచు పొడుగునా ఎర్రటి కావిరంగు పట్టీ.

"అల్లుడుగారు మొదటిసారి మనూరొస్తన్నారు, చూసేది ఆ గోడంట, పాచి పట్టిన గోడ చూపిస్తే ఏం బాగుంటది అక్కా" అన్నాడు సాంబయ్య. నీళ్ళు కట్టేసిన రోజుల్లో నలుగురు మనుషుల్ని పెట్టి నాచంతా గీకించి, రెండు పూతలు సున్నం కొట్టించాడు. కావిపట్టీ విజయ సొంత ఆలోచన. పండక్కి ఇల్లు అలికినట్టు కాలువను అలికి కూర్చున్నారు మా వాళ్ళు. వాళ్ళ మర్యాదకి నవ్వాలో ఏడవాలో నాకు తెలియలేదు.

కిరీటి గోడ వంక చూశాడు, ఫోన్లో ఫోటో వంక చూశాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. "బాగుందండి" అన్నాడు.

నాకు చిర్రెత్తుకొచ్చింది. తమ్ముడి మీద కాదు, ఈయన మీద. కొంప మునుగుతుంటే బాగుందేంటి? పక్కకు పిలిచి, "ఇంకో గోడ చూసుకుందాం బాబూ, నీళ్ళు ఇంకా ఉన్నాయిగా" అన్నాను. "ఎల్లుండి దాకానే ఉంటాయటండి" అన్నాడు, ఫోన్లో ఆ పాత ఫోటో వంకే చూస్తూ. అప్పుడు నాకు నిజంగా జాలేసింది, భయం కూడా వేసింది.

పెనుగంచిప్రోలు

మున్నేటి ఒడ్డున స్నానాలరేవుకి పాత రాతిగోడ ఉందని, దాని నిండా నాచేనని ఆటో అతను చెప్పాడు. వెళ్ళాం. నిజంగానే ఉంది. ఆ రోజు జనం కూడా అట్టే లేరు. కిరీటి మొహం కాస్త తేటపడింది.

ఆ పరికరం సంగతి చెప్పాలి. ఉక్కు కడ్డీ, చివర చిన్న చిన్న వేళ్ళు. నీళ్ళలోకి ధ్వని పంపించి, నీళ్ళలో కొట్టుకొచ్చే మట్టి రేణువుల మీద తగిలి వెనక్కొచ్చేదాన్ని పట్టుకుంటుందట. ఆ రేణువులెంత వేగంగా పోతే నీళ్ళూ అంత వేగం. కిరీటి దాన్ని గోడకి వెంట్రుకవాసి దూరంలో దింపి, కళ్ళు చికిలించి నీళ్ళలోకి చూస్తూ కూర్చున్నాడు. నేను ల్యాప్‌టాప్ మీద ఎండ పడకుండా గొడుగు పట్టుకున్నాను. నాచు అటూ ఇటూ ఊగుతుంటే గోడ అసలు ఎక్కడ మొదలవుతున్నట్టు అన్నది అతని బెంగ. అంత చదువుకుని గోడెక్కడుందో వెతుక్కుంటున్నాడని నాకు నవ్వొచ్చింది కానీ, పళ్ళు బిగబట్టి ఊరుకున్నాను.

ఇంతలో కొబ్బరికాయలమ్మే ఆవిడ వచ్చి అతని భుజం మీదుగా తొంగి చూసింది. "ఏం బాబూ, ఉంగరం పడిపోయిందా?"

కిరీటి మాట్లాడితే కడ్డీ కదులుతుందని తల మాత్రం మెల్లగా ఊపాడు. కాదని ఊపాడో, అవునని ఊపాడో ఆవిడకి తెలియలేదు. "పాపం, పెళ్ళి ఉంగరమంట" అని కేకేసింది. నేను కాదని చెప్పే లోపలే నలుగురు మగాళ్ళు చొక్కాలిప్పి నీళ్ళలోకి దూకారు. రేవులో ఉంగరాలు పోవడం ఇక్కడ మామూలట. వెతికి పెట్టడం కూడా మామూలేనట. నీళ్ళు బురదగా మారిపోయాయి, ల్యాప్‌టాప్‌లో గీతలు పిచ్చిపట్టినట్టు ఎగిరాయి.

చివరికి ఒకాయన నీళ్ళలోంచి లేచి ఒక వెండి మెట్టె చూపించాడు.

"ఇది మాది కాదండీ" అన్నాను.

"ఎవరిదైతే ఏందమ్మా. ఉత్త చేతుల్తో ఇంటికెళ్తాడా మనిషి? పెళ్ళాం ఊరుకుంటదా?" అని మెట్టె అతని అరచేతిలో పెట్టి వేళ్ళు మూశాడు.

కిరీటి అందరికీ దండం పెట్టి థాంక్స్ చెప్పాడు. గుళ్ళోకి వెళ్ళి మెట్టెని హుండీలో వేసొచ్చాం. పులిహోర ప్రసాదం మాత్రం అద్భుతంగా ఉంది. అతను ముట్టుకోలేదు.

జగ్గయ్యపేట

ఇక మిగిలింది మా మేనత్త కొడుకు వెంకట్రామయ్య బావ. జగ్గయ్యపేట దాటి పొలం, పొలం పక్కనే కాలువ. ముందే ఫోన్ చేశాను. "బావా, నాచున్న గోడ కావాలి. దయచేసి దేన్నీ కడగొద్దు."

"నేను స్నానం చెయ్యొచ్చా మరదలా, అదీ మానెయ్యనా?"

"నీ ఇష్టం. ఇన్నేళ్ళూ చేశావా ఏంటి?"

జగ్గయ్యపేట దగ్గర భాష మారుతుంది. హోటల్లో ఇడ్లీ అడిగితే పక్క బల్ల మీదాయన "ఈడ రొట్టె మంచిగుంటది, అది తినుండ్రి" అని సలహా ఇచ్చాడు. తెలంగాణ సరిహద్దు దగ్గర కదా. జొన్నరొట్టె నిజంగానే మంచిగుంది. సిమెంటు లారీల దుమ్ము అందులో పడకుండా పళ్ళెం మీద ఇంకో పళ్ళెం బోర్లించి ఇస్తారు. మా భీమవరంలో ఆ అవసరం ఉండదు, మాకు దోమలే.

కాలువ చూడగానే కిరీటి గట్టు మీద కూలబడిపోయాడు. గోడ నిండా ముదురాకుపచ్చ నాచు, నీళ్ళతో పాటు మెల్లగా ఊగుతోంది. ఎవరూ గీకలేదు, ఎవరూ రంగెయ్యలేదు. కాలువ మీద అడ్డంగా రెండు తాటిదుంగలున్నాయి, వాటికి పరికరం బిగించాడు. అంతలో కాలువల మీద తిరిగే లస్కరు సైకిల్ ఆపి, మధ్యాహ్నానికి పైన తూము దించేస్తామని, తర్వాత చుక్క నీరుండదని చెప్పి పోయాడు. ఉన్నది ఒక్క అవకాశం. కిరీటి నా వైపు తిరిగి, "అత్తయ్యగారూ, దుంగలు కదిలితే అంతా పోతుందండి. ఎవర్నీ రానివ్వకండి" అన్నాడు. నాకు పని చెప్పడం అదే మొదలు.

నేను గొడుగు ల్యాప్‌టాప్ దగ్గర గుచ్చి, కొంగు బిగించి కాపలాకి దిగాను. గేదెలొచ్చాయి, అదిలించి అవతలికి తోలాను. ఒకతను బండి మీద వచ్చి దుంగలు దాటబోయాడు.

"పైకి పోవద్దు నాయనా" అన్నాను.

"గిదేంది, బాట బంద్ జేసిండ్రు?"

"దుంగల కింద తాచుపాము దూరింది. బయటికొస్తే పట్టాలని చూస్తున్నాం."

అతను వంగి చూశాడు. దుంగ పక్కన చలనం లేకుండా కూర్చున్న కిరీటిని చూసి, "గాయన భయపడ్తలేడా?" అన్నాడు.

"ఆయనే పట్టేవాడు" అన్నాను. బండి తిప్పేశాడు.

గంట నిండబోతోంది. అల్లుడి నుదుటి మీద చెమట కారుతోంది, తుడుచుకోవడం లేదు. నేనేమో ఇంకాస్త, ఇంకాస్త అని అమ్మవారికి మొక్కుకుంటున్నాను. అప్పుడొచ్చాడు మా బావ, భోజనాల క్యారియర్ పట్టుకుని, అవతలి గట్టు మీదుగా.

"మరదలా, వేడన్నం చల్లారిపోతంది" అంటూ వచ్చి, అన్నానికి ముందు కాళ్ళు కడుక్కోవాలి కదా, చెప్పులు విడిచి ఒక కాలు దుంగ మీదికి ఎత్తాడు.

"బావా, కాలు తియ్యి" అన్నాను.

"కడుక్కోవద్దా?"

"తియ్యమన్నానా."

"చిన్నప్పట్నుంచీ ఈ కాలవలోనే కడిగా. నీ అల్లుడొచ్చాడని కాళ్ళు కూడా మురికిగా ఉంచుకోవాలా?"

"నువ్వు మురికిగా లేంది ఎప్పుడు?" అని నేను, "నీ నోరు ఇంకా తగ్గలేదే" అని అతను. ఆ గట్టున అతనూ ఈ గట్టున నేనూ, నీటి అంచుకి వాలుగా ఉన్న గోడల మీద నిలబడి చేతులూపుతూ తగువుకి దిగాం.

"కదలొద్దు."

ఆ అరుపు ఎవరిదో నాకు ముందు అర్థం కాలేదు.

"మావయ్యగారూ, ఆ కాలు తియ్యొద్దు, పెట్టొద్దు, అలాగే నుంచోండి. అత్తయ్యగారూ, మీరు నోరు మూసుకోండి."

నేను అదిరిపడ్డాను. అదిరిపడ్డంతో కాలు నాచు మీద జర్రున జారింది, కుడికాలు పిక్క దాకా నీళ్ళలో పడింది. సరిగ్గా కడ్డీకి ఎగువన. కిరీటి మెల్లగా చెయ్యెత్తి, పైకి తియ్యమన్నట్టు సైగ చేశాడు. గుడిలో దీపం పట్టుకున్నంత జాగ్రత్తగా కాలు పైకి తీశాను. బావ ఒంటికాలి మీద కొంగలా నుంచుండిపోయాడు. మిగిలిన కాసేపూ ముగ్గురం ఊపిరి కూడా చూసుకుని తీశాం.

గంట అయిపోయింది. కిరీటి కడ్డీ పైకి తీసి, ల్యాప్‌టాప్ మూసి, అప్పుడు తనేమన్నాడో గుర్తొచ్చినట్టుంది, మొహం పాలిపోయింది. గట్టెక్కి వచ్చి, "అత్తయ్యగారూ, తప్పయిపోయిందండి" అన్నాడు.

నాకు కోపం రాలేదు. ఇంటి మనిషిని కసిరినట్టు కసిరాడని లోలోపల ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. కానీ వెంటనే చెప్పేస్తే మజా ఏముంది? మూతి ముడుచుకుని కూర్చున్నాను. బావ మాత్రం కాలు దించుకుని, దుంగలు దాటొచ్చి, "మీ మావగారి వల్ల కాలేదయ్యా ఈ నోరు మూయించడం. చెయ్యి ఇలా ఇవ్వు" అని అతని చెయ్యి పట్టుకుని ఊపేశాడు.

భోజనంలో మళ్ళీ పండుమిరప పచ్చడే. కిరీటి ఒక ముద్ద తిని, చెంబెడు నీళ్ళు తాగి, నా వైపు చూశాడు. "ఇది తినలేనండి. పెరుగుందా?" అన్నాడు.

ఉన్న పెరుగంతా అతనికే వేశాను. మేం తినేసరికి కాలువలో నీళ్ళు సగానికి దిగిపోయాయి.

ఇంటికొచ్చాక

ఇంటికొచ్చి ఆ గంట కొలతల్ని గీతగా గీశాడు. సన్నగా వణుకుతూ పోతుంది, అక్కడక్కడ ఉన్నట్టుండి ఎగురుతుంది. ఆ ఎగురుళ్ళ లెక్కే అతనికి కావాల్సింది. చివర్లో మాత్రం మిగతా అన్నిటినీ మించిన ఎగురు ఒకటుంది.

"అబ్బ, ఇదే అన్నిటికంటే బాగుందండీ" అంది మా అమ్మాయి.

"అది మీ అమ్మ కాలు" అన్నాడు.

అతని డాక్టరేటు గైడు గారు ఫోన్లో, ఆ ముక్క చప్పుడు కాకుండా తీసేసి అతికించమని సలహా ఇచ్చారట. గంట ఎక్కడా తెగకూడదన్నది షరతు. తెగిందని రాస్తే ఆ ప్రొఫెసరు మళ్ళీ తిప్పి పంపొచ్చు, ఇంక గడువు లేదు. నా వల్ల అతని చదువు పోతుందేమోనని నాకు రెండు రోజులు అన్నం సహించలేదు. "చెప్పకుండా తీసెయ్యండి బాబూ, ఎవరికి తెలుస్తుంది" అని నేను కూడా అన్నాను. అతను వినలేదు. ముక్క తీసేశాడు, ఎందుకు తీశాడో రాసి మరీ తీశాడు.

వైవాకి ఎవరైనా వచ్చి కూర్చోవచ్చంటే వెళ్ళి వెనక వరసలో కూర్చున్నాను. ఆ ప్రొఫెసరు పొట్టిగా, కోపిష్టిలా ఉన్నాడు. పేజీలు తిప్పీ తిప్పీ ఒకచోట వేలు పెట్టి ఆగాడు.

"ఇక్కడ 'పరిశీలకుల పాదం వల్ల కలిగిన అంతరాయం' అని రాశావు. ఎవరి పాదం?"

"మా అత్తగారిదండి."

హాలంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. "రాయకపోతే నాకు తెలిసేది కాదు. గంట తెగకూడదని నేనే చెప్పాను. అయినా ఎందుకు రాశావు?"

"ఆ ఒక్కటి దాచేస్తే, మిగతా ఎగురుళ్ళన్నీ కూడా ఎవరి కాళ్ళో అని రేపు నాకే అనుమానం వస్తుందండి" అన్నాడు కిరీటి.

ఆయన ఆ పేజీ మూశాడు. తర్వాత కళ్ళజోడు తీసి, "ఆవిడ వచ్చారా?" అని అడిగాడు.

కిరీటి వెనక వరస వైపు చెయ్యి చూపించాడు. హాలంతా నా వైపు తిరిగింది. నేను కాళ్ళు రెండూ గబుక్కున కుర్చీ కిందికి లాక్కున్నాను. ఆయన అప్పుడు నవ్వి, సంతకానికి పెన్ను అడిగాడు.